‘ఏం చెయ్య సార్, ఇంట్లనే ఉంట’

ప్రశ్న:

నమస్తే మేడమ్. మాది హన్మకొండ. మా అక్కకు 63 ఏండ్లు. సర్కారు బడిలో 31 ఏండ్లు టీచరుగా చేసి రెండేండ్ల కింద రిటైరైంది. బావ పోయి తొమ్మిదేండ్లు. ఒక్కతే బిడ్డ. అల్లుడు, బిడ్డ ఇద్దరూ హెచ్‌1బి మీద డాలస్‌లో ఉంటరు. బిడ్డకు తొలిచూలు, ఇంకో పది వారాల్లో కాన్పు. అక్కను పంపుదామని అమెరికా విజిటర్ వీసాకు నేనే ఫారం నింపిన. అల్లుడు జీతం స్లిప్పులు, ట్యాక్సు కాగితాలు, ఆహ్వానం లెటరు, ఇల్లు కొన్న పత్రాలు అన్నీ పంపిండు. ఫైలు రెండంగుళాల మందం అయింది.

ఇంటర్వ్యూ రెండు నిమిషాలు కూడా పట్టలేదట. ఫైలు తెరవనే లేదట. తెలుగులోనే అడిగిండ్రట. ఎందుకు పోతున్నరంటే ‘బిడ్డ కాన్పుకు, అక్కడ చూసుకునేటోళ్లు ఎవలు లేరు’ అన్నదట. ఎన్ని రోజులంటే ‘ఆరు నెలలన్నరు’ అన్నదట. ఇక్కడ ఏం చేస్తరంటే ‘ఏం చెయ్య సార్, ఇంట్లనే ఉంట’ అన్నదట. పాస్‌పోర్టు, 214(బి) అని రాసి ఉన్న ఒక కాగితం చేతిలో పెట్టి పంపిండ్రు.

అప్పటికే వాడకట్టంతా తెలుసు. సకినాలు చేసి డబ్బాకెత్తింది. ఎల్లిగడ్డ కారం కొట్టింది. చిలుకూరు పోయి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చింది. ఇప్పుడు గడప దాటుతలేదు. సాయంత్రం ఎక్కాలు చెప్పించుకునే పిల్లలు గేటు దాకా వచ్చి వాపస్ పోతున్నరు. కౌలు పైసలు ఇయ్యొచ్చిన పరకాల రైతుతోని కూడా నన్నే మాట్లాడమన్నది.

అల్లుడు వచ్చే వారమే మళ్లీ వెయ్యిమంటడు. ఇక్కడ ఒక ఏజెంటు అరవై వేలిస్తే గ్యారంటీ అంటడు, అక్క ఖాతాలో నెల రోజులు ఇరవై లక్షలు తనే పెట్టి చూపిస్తడట. వియ్యపురాలికి వీసా ఉన్నది గానీ తొలి కాన్పు తల్లిగారిది కదా, ఆమెను ఎట్ల అడుగుతం? మా ఇంట్లామె ‘నువ్వే ఏదో తప్పు రాసినవ్’ అంటది. నిజమే చెప్త, వృత్తి దగ్గర ‘హోమ్‌మేకర్’ అని పెట్టిన, ఇప్పుడు ఏ పనీ చేస్తలేదు కదా అని.

మా అవ్వకు 84 ఏండ్లు, అక్క దగ్గరనే ఉంటది. ఆ రాత్రి అక్క అవ్వ కాళ్లు ఒత్తుకుంట ‘పోనియ్యే అవ్వా, నిన్ను ఇడిసి పోవాల్నంటే నాకూ గుబులే ఉండె’ అన్నది. మనసుకు సర్దిచెప్పుకుంటున్నదని నాకు ఏడుపొచ్చింది. నేను చేసిన తప్పేంది? మళ్లీ వెయ్యాల్నా? అక్క ముందర ఎట్ల నిలబడాలె?

— ఒక తమ్ముడు, హన్మకొండ

జవాబు:

తమ్ముడూ,

అక్క రాత్రిపూట అవ్వతో అన్న మాట మీరు ఉత్తరం చివర్లో, కన్నీళ్ల మధ్య రాశారు. నేను మొదటిసారి చదివి ముందుకు పోయాను. రెండోసారి అక్కడే ఆగిపోయాను. దాని సంగతి చెప్తాను, ముందు ఆ కాగితం పని చూద్దాం.

214(బి) అంటే అమెరికా వాళ్లు 1952లో చేసుకున్న ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఒక సెక్షన్. తిరగడానికి వీసా అడిగే ప్రతి మనిషినీ ‘ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నారు’ అని ముందే అనుకోమంటుంది ఆ సెక్షన్. కాదు, తిరిగి పోతాను అని నమ్మించుకోవాల్సింది అడిగినవాళ్లే. నేరం రుజువయ్యే దాకా మనిషి నిర్దోషి అని మనం కోర్టుల గురించి చెప్పుకుంటాం కదా, వీసా ఇంటర్వ్యూ చేసే ఆ కిటికీ దగ్గర లెక్క తిరగబడి ఉంటుంది. అందుకే ఆ కాగితం మీద అక్క అబద్ధం చెప్పిందని గానీ, ఆమె మీద ఏదో మచ్చ పడిందని గానీ ఉండదు. ‘మీరు తిరిగి వస్తారని మాకు ఈ రోజు నమ్మకం కలగలేదు’ అని మాత్రం ఉంటుంది. అది కూడా అచ్చు వేసి పెట్టుకున్న కాగితం, ఈ సెక్షన్ కింద కాదన్నవాళ్లందరికీ అదే ఇస్తారు. అందులో అక్క గురించిన మాట వెతక్కండి, దొరకదు.

ఇది వినగానే చాలామందికి కోపం వస్తుంది, ఇంత పెద్దమనిషిని అనుమానిస్తారా అని. కానీ మన దిక్కు వాళ్లకు ఈ అనుమానం కొత్తదా? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ‘విజిట్ మీద పోయిండు’ అనే మాటకు అర్థం ఏమిటో ఎవరినైనా అడగండి. దుబాయ్‌కి చూడ్డానికి పోయినవాళ్లు ఎందరు చూసి వచ్చారు? విజిట్ మీద పోయి, పనిలో కుదిరి, గడువు దాటి, కాగితాల్లేని ‘ఖల్లివల్లి’ అయి, ఆ సర్కారు ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఎప్పుడిస్తుందా అని ఎదురుచూసిన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి. ఎందుకు పోయారో మనకు తెలుసు, వాళ్లను తప్పు పట్టను. కానీ ‘విజిట్’ అన్న మాట వినగానే మన ఊరి రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషికి వచ్చే ప్రశ్నే ఆ కిటికీ వెనక కూర్చున్న మనిషికీ వస్తుంది. మీ అక్కకు సంబంధం లేని ప్రశ్నే. అయినా జవాబు ఆమే చెప్పాలి.

మీ రెండంగుళాల ఫైలు దగ్గరికి వద్దాం. అల్లుడి జీతం, అల్లుడి పన్ను, అల్లుడి ఇల్లు, అల్లుడి ఆహ్వానం. అందులో అక్క కాగితాలెన్ని? పాస్‌పోర్టు ఒక్కటేనేమో. అల్లుడు మంచివాడు, ఉన్నవాడు, అత్తను బాగా చూసుకుంటాడు అని ఆ ఫైలు గట్టిగా చెబుతుంది. అడిగిన ప్రశ్న అది కాదు కదా. పైగా అక్కడ అంత మంచి ఇల్లు, ఒక్కగానొక్క బిడ్డ, పుట్టబోయే మనవడో మనవరాలో ఉంటే ఈమె ఇక్కడికి ఎందుకు తిరిగొస్తుంది అనే అనుమానానికి మీ ఫైలే బలం ఇస్తుంది. తెరవకపోవడమే నయమైంది అనుకోండి. ఆహ్వానం లెటరు వాళ్ల నిబంధనల్లో తప్పనిసరి కాదు. అక్కడి బంధువు ఇచ్చే భరోసా మీద వీసా రాదు, ఇక్కడ తనకు ఉన్నదాన్ని బట్టి మనిషే అర్హత చూపించుకోవాలి. చాలాసార్లు కాగితాలు అడగను కూడా అడగరు. ఫారంలో ఉన్నదీ, నోటితో చెప్పిందీ, అంతే.

నోటితో ఏం చెప్పింది?

‘ఏం చెయ్య సార్, ఇంట్లనే ఉంట.’

ఈ జవాబు నాకు ఎంత బాగా తెలుసో! మా అమ్మ ఇదే చెప్పేది, మా పెద్దమ్మ ఇదే చెప్పేది. తెల్లారక ముందు లేచి వాకిలి ఊడ్చి, పొయ్యి ముట్టించి, పొలం పోయి వచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక గిన్నెలు బోర్లించే మనిషిని ‘ఏం చేస్తరమ్మా’ అని అడిగితే ‘నేనేం చేస్త బిడ్డా, ఇంట్ల ఉంట’ అనేది. మన ఆడవాళ్లకు అది మర్యాద. చేసిన పని చెప్పుకోవడం గొప్పలు పోవడం అనుకుంటారు. సర్కారు బడిలో 31 ఏళ్లు అటెండెన్స్ పిలిచిన టీచరమ్మ కూడా అదే అన్నది చూడండి. మన వాకిట్లో ఆ మాట వింటే దాని వెనక ఎంత ఉందో మనకు అర్థమవుతుంది. కిటికీకి అవతల ఉన్న మనిషికి మాత్రం, ఇక్కడ ఈమెకు పని లేదు, అడిగేవాళ్లు లేరు, పట్టి ఆపేది ఏదీ లేదు అని వినబడి ఉండొచ్చు. ఆ అధికారి మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఆ మూడు జవాబులూ పక్కపక్కన పెట్టి మీరే చదవండి: అక్కడ బిడ్డను చూసుకునేవాళ్లు లేరు, ఆరు నెలలు ఉంటాను, ఇక్కడ నాకేం పని లేదు.

ఇప్పుడు మీ ఉత్తరంలోనే మీరు చూసుకోకుండా రాసినవి చూడండి. గేటు దగ్గర పలకలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. పత్తి అమ్ముడుపోయాక కౌలు డబ్బు పట్టుకుని పరకాల నుంచి వచ్చిన రైతు. మీరు రాయలేదు గానీ నెలనెలా పడే పింఛను ఉండే ఉంటుంది. అన్నిటికన్నా ముందు, 84 ఏళ్ల తల్లి. ‘నిన్ను ఇడిసి పోవాల్నంటే నాకూ గుబులే ఉండె’ అని రాత్రి పదింటికి ఇంట్లో చెప్పిన మాట పొద్దున పదింటికి ఆ కిటికీ దగ్గర చెప్పి ఉంటే అదే సరైన జవాబు. ఆ చట్టం అడిగేది సరిగ్గా అదే: నిన్ను తిరిగి రప్పించేది ఏది? మా అవ్వ అని ఆమె దగ్గర జవాబు ఉంది. ఎవరూ ఆమెతో అది చెప్పించలేదు, అంతే.

ఆ మాట ఆమె మనసుకు సర్దిచెప్పుకోవడానికి అన్నది అని మీరనుకున్నారు. కాకపోవచ్చు తమ్ముడూ. నిజంగానే గుబులు ఉండి ఉంటుంది. ఆరు నెలలు ఉండాలని ఎవరు ఖాయం చేశారు? ‘ఆరు నెలలన్నరు’ అని అక్కే చెప్పింది, ‘అన్నరు’ అని. ఎవరన్నారు? బిడ్డ అన్నదా, అల్లుడన్నాడా, మీరా? అవ్వను ఆరు నెలలు ఎవరు చూడాలనుకున్నారు? మీ ఉత్తరమంతా వెతికాను, ఆ సంగతి లేదు.

మీ తప్పేంది అని అడిగారు కదా. తప్పు లేదు అని ఊరడించను. ‘హోమ్‌మేకర్’ అని పెట్టడం తప్పే. ఆ ఫారంలో ‘రిటైర్డ్’ అని వేరే గడి ఉంటుంది. మీరు అది పెట్టి ఉంటే ‘ఏం ఉద్యోగం చేశారు’ అనే మాట రావడానికి ఒక దారి ఉండేది. అయితే దానివల్లే వీసా పోయింది అని మీ ఇంట్లామె అన్నా, మీరు అనుకున్నా అది కూడా సరికాదు. ఒంటరి తల్లి, ఒక్కతే బిడ్డ, ఆ బిడ్డ అక్కడే అంటే గడి సరిగ్గా పెట్టినా కష్టమే అయ్యేది. మీరు గడి తప్పు పెట్టారు, అక్క మాట తక్కువ చెప్పింది, అల్లుడు తన కాగితాలు ఎక్కువ పంపాడు. అందరూ ప్రేమతోనే చేశారు. ఒక్క పని చేయండి: అక్క దగ్గరికి పోయి ‘అక్కా, నువ్వు టీచరువని నేను ఫారంలో రాయలేదు’ అని చెప్పండి. ఆమెకు తెలియాలి. రేపు మళ్లీ ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి గడీ చదివి వినిపించి నింపడానికి కూడా అది పనికొస్తుంది. టీచరమ్మ, చదువుకోలేని మనిషేం కాదు. మీ కన్నా బాగా తప్పులు పట్టగలదు.

ఇక మళ్లీ వేయడం సంగతి. ఈ సెక్షన్ కింద కాదంటే దాని మీద అప్పీలు లేదు. ఇన్నాళ్లు ఆగాలనే గడువూ లేదు, కావాలంటే రేపే వేయొచ్చు. ఫీజు 185 డాలర్లు, మన డబ్బుల్లో పదిహేను వేలు దాటుతుంది, వీసా రాకపోయినా అది తిరిగి రాదు. అందుకే అల్లుడికి చెప్పండి, వచ్చే వారం వద్దు. అదే ఫారం, అదే ఫైలు, అదే మూడు జవాబులు పట్టుకుపోతే మారేది కిటికీ ఒక్కటే. అత్యవసరం అని చెప్పి అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకుందామని కూడా ఎవరైనా సలహా ఇస్తారు. గర్భంతో ఉన్న బంధువుకు సాయంగా పోవడం ఆ లెక్కలోకి రాదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఈ పది వారాల్లో ఎలాగైనా అందుకోవాలన్న పరుగు ముందు ఆపండి. అది ఆగితే ఇంట్లో సగం గొడవ ఆగుతుంది.

ఒక చిన్న మాట. కొందరికి 221(జి) అని రాసిన కాగితం ఇస్తారు. అది వేరు. ఏదో కాగితం తక్కువైందనో ఇంకా పరిశీలనలో ఉందనో దాని అర్థం, అడిగింది ఇస్తే ముందుకు పోతుంది. మీది అది కాదు, చదివేవాళ్లలో ఎవరైనా రెండూ ఒకటే అనుకుంటారని చెప్తున్నాను. అలాగే జర్మనీకో ఫ్రాన్స్‌కో షెంగెన్ వీసా అడిగి కాదనిపించుకున్నవాళ్లకు కారణం గుర్తు పెట్టిన ఫారం ఇస్తారు, దాని మీద అప్పీలుకు పోయే హక్కూ ఉంటుంది. ఒక దేశం పద్ధతి ఇంకో దేశానికి అంటగట్టి సలహాలు చెప్పే బంధువులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

ఆ అరవై వేల ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వకండి. ఇచ్చేది వేరే దేశం అధికారి అయితే గ్యారంటీ ఇచ్చేది హన్మకొండలో కూర్చున్న ఇతనా? పైగా ఎవరిదో డబ్బు అక్క ఖాతాలో నెల రోజులు పెట్టి ఇది నాది అని చెప్పించడం అంటే ఆమెతో అబద్ధం ఆడించడమే. 214(బి) ఈ రోజు కాదన్నా రేపు ఔననొచ్చు. తప్పుడు కాగితం, తప్పుడు మాట అని తేలితే అదే చట్టంలోని మరో సెక్షన్ కింద మనిషికి ఆ దేశం తలుపు జీవితాంతం మూసేయొచ్చు. ఇరవై లక్షలు ఏజెంటువి, సంతకం అక్కది, దెబ్బ ఎవరికి? 31 ఏళ్లు పిల్లలకు అబద్ధం చెప్పొద్దని నేర్పిన మనిషి చేత ఈ పని చేయిస్తారా? నాకు ఈ ఒక్క విషయంలో కోపం వస్తుంది, దాచుకోను.

అదే లెక్కన ఇంకో రెండు. మళ్లీ ఫారం నింపినప్పుడు ‘ఇంతకు ముందు వీసా నిరాకరించారా’ అనే ప్రశ్న వస్తుంది. అవును అని రాయాలి, ఎప్పుడు, ఏ సెక్షన్ కింద అన్నది కూడా చెప్పాలి. అది వాళ్ల రికార్డులో ఎలాగూ ఉంది. ఇక ‘కాన్పు అని చెప్పకు, తిరగడానికి అని చెప్పు, నయాగరా చూస్తానని చెప్పు’ అని నేర్పేవాళ్లు మీ వాడకట్టులో ఇప్పటికే బయలుదేరి ఉంటారు. వినకండి. బిడ్డను, పుట్టిన పసిదాన్ని చూడ్డానికి పోవడం విజిటర్ వీసాకు సరిపోయే కారణమే. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. ‘చూసుకునేటోళ్లు ఎవలు లేరు’ అన్న మాటలో చిక్కు ఏమిటంటే, అది చూడబోయే అమ్మమ్మ మాటలా కాక, ఇంటిపనికి, పిల్లను సాకడానికి పిలిపించుకున్న మనిషి మాటలా వినబడుతుంది. అక్క మనసులో ఉన్నది మొదటిదే కదా? ఉన్నదే చెప్పాలి, ఉన్నదంతా చెప్పాలి.

ఎప్పుడు వేయాలి అంటే, అక్కను అడిగాక. ఆమెను కూర్చోబెట్టి అడగండి: పోవాలని ఉందా? ఎన్ని రోజులు? అవ్వను ఎవరి దగ్గర పెడితే నీకు మనశ్శాంతి? నా అంచనా, ఆమె ఆరు నెలలు అనదు. ఆరు వారాలో ఎనిమిది వారాలో అంటుంది. అన్ని రోజులు అవ్వను మీ ఇంట్లో పెట్టుకుంటానని మీరు మాట ఇవ్వాలి. మీ ఇంట్లామెను అడిగి మరీ ఇవ్వాలి, ఆమె నెత్తిన వేసి మీరు మంచివాళ్లు కావద్దు. ఇది కుదిరితే మీరు వేసే రెండో దరఖాస్తు మొదటిదానిలా ఉండదు. పోయే రోజు, వచ్చే రోజు, వచ్చేదాకా అవ్వ ఎక్కడుంటుంది, వచ్చాక ఎవరికోసం, అన్నిటికీ జవాబు ఉంటుంది. పింఛను కాగితం, రిటైర్మెంట్ ఆర్డరు, ఇంటి పత్రం, పరకాల పాసుపుస్తకం ఒక సన్న ఫైల్లో పెట్టండి. అడిగితే ఇస్తుంది, అడగకపోతే లేదు. అల్లుడి కాగితాలు అల్లుడి దగ్గరే ఉండనీయండి. జవాబులు కంఠతా పట్టించకండి, అది ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కటి మాత్రం చెప్పండి: ‘ఇక్కడ ఏం చేస్తరు’ అంటే ఇన్‌స్పెక్షన్‌కు డీఈవో ఆఫీసు నుంచి వచ్చినవాళ్లకు చెప్పినట్టు చెప్పు అక్కా అని. ఆమెకు అర్థమవుతుంది.

అయినా రాకపోవచ్చు. నేను గ్యారంటీ అంటే ఆ ఏజెంటుకూ నాకూ తేడా ఏముంది? వస్తే మాత్రం మనవాళ్లకు సాధారణంగా పదేళ్లకు ఇస్తున్నారు. వీసా పదేళ్లదైనా దిగిన ప్రతిసారీ ఎన్ని రోజులు ఉండాలో విమానాశ్రయంలో అధికారి రాస్తాడు, అది వేరే లెక్క. తొట్టెలకు అందకపోయినా మొదటి పుట్టినరోజుకు అందొచ్చు.

మరి కాన్పు? వియ్యపురాలిని అడగండి. తొలి కాన్పు తల్లిగారిది అన్న మాట నాకూ తెలుసు. ఆమెను అడగడం అక్కకు చిన్నతనంగా ఉంటుందనీ తెలుసు. కానీ ఆ మర్యాద పుట్టింది బండి కట్టుకుని పొద్దుగూకే లోపు తల్లిగారింటికి తీసుకుపోగలిగిన రోజుల్లో. ఇప్పుడు మధ్యలో ఒక ఆఫీసు కిటికీ ఉంది, అది తల్లిగారికి అత్తగారికి మర్యాదలు పాటించదు. అడిగేది మీరు కాదు, అక్కే అడగాలి. ‘వదినా, నాకు కాలేదు, నా బిడ్డను నువ్వు చూడు’ అని ఆమె నోటితో అంటే ఆ వియ్యపురాలు జన్మలో మరిచిపోదు. ఆమెకు కుదరకపోతే అల్లుడు సెలవు పెట్టాలి. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు తక్కువేం లేరు, వండి పెట్టేవాళ్లు, సాయానికి వచ్చేవాళ్లు దొరుకుతారు. బిడ్డ ఇప్పటినుంచే కనుక్కోవాలి, నొప్పులు మొదలయ్యాక కాదు.

అక్క చేతిలో ఉన్నది మాత్రం తీసేయకండి. ఎండాకాలంలో వాళ్లకూ మనకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. వాళ్లకు పొద్దున ఏడున్నర అయితే ఇక్కడ సాయంత్రం ఆరో ఏడో. పసిపిల్లకు నీళ్లు పోసే వేళ అదే పెట్టుకోమనండి. ఫోను గోడకు ఆనించి, కాళ్లు బార చాపి కూర్చుని, పిల్లను కాళ్ల మీద పండబెట్టి పోస్తుంటే ఇక్కడినుంచి ‘మెడ కింద చెయ్యి పెట్టు, చెవుల్ల నీళ్లు పోనియ్యకు, నూనె ఇంకొంచెం’ అని చెప్తూ ఉంటుంది. పక్కన మంచంలో అవ్వ కూడా చూస్తుంది, ఆమె ఇద్దరినీ తిడుతుంది. ఎల్లిగడ్డ కారం అటువైపు వెళ్లేవాళ్ల చేతికి ఇవ్వండి.

చివరికి, అక్క ముందర ఎట్ల నిలబడాలె అన్నారు. మా నాయిన సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కింద మా తమ్ముడు ఉండే దేశానికి, ఏ దేశమైతేనేం, కాగితాలు పెట్టుకుంటే కాదన్నారు. సికింద్రాబాద్‌లో రైలెక్కిన మనిషి కాజీపేటలో దిగాలి. దిగలేదు. ఘన్‌పూర్‌లోనే దిగి దోస్తు మిరప చేను దగ్గరికి పోయి రెండు రోజులు ఆ గుడిసెలో ఉన్నాడు. అప్పటికి ఫోన్లు ఇంతగా లేవు. ఇల్లు చేరితే వాడకట్టు అడుగుతుందని భయం. మూడో రోజు వచ్చాడు. మా అమ్మ ‘తిన్నవా’ అని ఒక్కటే అడిగి కంచం పెట్టింది. ఏమైందని అడగలేదు, పోనీలే అని కూడా అనలేదు. వారం తర్వాత మంగలి షాపులో ఎవరో అడిగితే మా నాయినే చెప్పాడట, ‘ఆళ్లు వద్దన్నరు, నేను సరే అన్న’ అని. షాపంతా నవ్విందట. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మీరు కూడా అక్క ముందు ఏడవకండి. ఆమె మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఏజెంటు మాటలు, అల్లుడి ఫోన్లు ఆమె దాకా పోనివ్వకుండా చూడండి, చిలుకూరు దేవుడి మీద కూడా నింద వేయనివ్వకండి. వాడకట్టుకు ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆమే చెప్తుంది. పిల్లలను మాత్రం గేటు దగ్గరినుంచి వాపస్ పంపకండి. మీరే గేటు తీసి, చాప పరిచి, ‘టీచర్ వస్తుంది, ఎక్కాలు మొదలుపెట్టండ్రి’ అని కూర్చోబెట్టండి. పదమూడో ఎక్కంలో ఎవడో ఒకడు తప్పు చెప్తాడు, లోపలినుంచి ఆమె సరిదిద్దకుండా ఉండలేదు.

ఆ సకినాల డబ్బా మూత తియ్యండి. ఎక్కువ రోజులుంటే నూనె వాసన పడతాయి. మొదటిది అవ్వకు పెట్టండి, చాయలో ముంచి. మిగతావి చాప మీద ఉన్న పిల్లలకు.